నంబరు లేని బ్రష్షు

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ప్రతి సాయంత్రం డైరీ రాశాను. అరకు లోయకు పైన, కొండ మీద ఒక చిన్న ప్రభుత్వ ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ని. జ్వరం వచ్చినవాళ్ళ వేలు పొడిచి, రక్తపు చుక్కను గాజు పలక మీద పరిచి, మలేరియా ఉందో లేదో చూడటం నా పని. ఎన్ని స్లైడ్లు చూశాను, వాన పడిందా, కరెంటు ఉందా, అన్నీ రాసేవాణ్ణి. పగిలిన పలకలకు కూడా పైవాళ్ళు జవాబు అడిగేవారు. అందుకని పేజీ కుడివైపు "వృథా" అని ఒక గడి గీసుకుని అక్కడ వేసేవాణ్ణి.

మా ఆసుపత్రిలో ఒక ఆయా ఉండేది. కొండ మనిషి. భర్త పోయాక సొంత ఊరు విడిచి, ఆసుపత్రి వెనక ఒంటిగదిలో ఉండేది. గదులు ఊడవడం, సూదులు మరిగించడం ఆమె ఉద్యోగం. కానీ నాకు ఆమెతో అసలు అవసరం వేరే ఉండేది. నేను పల్లపు ప్రాంతంవాణ్ణి, కొండ ఊళ్ళ భాష రాదు. నాతో ఊళ్ళకు వచ్చి, నా మాట వాళ్ళకీ వాళ్ళ మాట నాకూ చెప్పేది ఆవిడే. నేను ఏ బండ మీదో కూర్చుని రాసుకుంటుంటే ఊరుకునేది కాదు.

"ఏటి బాబూ, అంతలాగ రాసేత్తన్నావు? మా పెట్ట గుడ్లెట్టింది. అదీ రాసుకో."

"ఎన్ని పెట్టింది?"

"సూసినారా? నిజంగానే రాసుకుంటాడు!" అని, అదే మాట వాళ్ళ భాషలో చుట్టూ ఉన్నవాళ్ళకు చెప్పి నవ్వించేది.

ఆ కొండల్లో ఆడవాళ్ళకు అడ్డపొగ అలవాటు. చుట్ట వెలిగించి, మండే కొసను నోటి లోపల పెట్టుకుని పెదవులు మూస్తారు. వాన తుంపరకు ఆరిపోదు, చంకలో బిడ్డ మీద నిప్పు రాలదు. ఆయా కూడా తాగేది. నేను ఎదురైతే తీసి చెయ్యి వెనక్కి పెట్టుకునేది. నాకు తెలియక కాదు. తొంభైల నాటి డైరీల్లో రెండు చోట్ల ఉంది: "ఆయాకు చుట్ట మానమని చెప్పితిని. నవ్వి ఊరుకున్నది."

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు విశాఖపట్నం నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు. అడ్డపొగ తాగేవాళ్ళకు అంగిట్లో కాన్సర్ వస్తుంది. మచ్చగానో పుండుగానో కంటికి కనబడేసరికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది. అంతకు ముందే కణాల్లో దాని జాడ పట్టుకోవచ్చా అని ఆమె పరిశోధన. నాకు అర్థమయ్యేటట్టు చెప్పమన్నాను.

"కణంలో జన్యువులు రాతలాంటివి సార్. వాటిలో కొన్ని కాపలా కాస్తాయి, కణం అదుపు తప్పకుండా చూస్తాయి. పొగ తగిలీ తగిలీ ఆ రాత మీద చిన్న చిన్న రసాయన గుర్తులు అతుక్కుంటాయి. అక్షరం ఒక్కటీ మారదు. కానీ కణం ఇక దాన్ని చదవలేకపోతుంది. కాపలా ఆగిపోతుంది."

అంతకు ముందు వానాకాలం నా గది కారి డైరీ ఒకటి తడిసింది. ఆరాక పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. తెచ్చి చూపించాను.

"రాసింది రాసినట్టే ఉంది, తెరవడానికి లేదు. ఇలాగేనా?"

"ఇలాగే సార్," అంది ఆమె ఆ పేజీలను వేలితో తడుముతూ.

గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని వింటున్న ఆయా అంది: "అయితే రోగం సంగతి కంటికన్నా ముందు నోటికి తెలుస్తాదన్నమాట. మరి మనకి సెప్పదేటి?"

"చెప్పించడానికే వచ్చానమ్మా," అంది డాక్టరమ్మ.

ఆ పని నాకు అప్పగించారు. తొమ్మిది ఊళ్ళు. ఇళ్ళ జాబితా చూసుకుని, అడ్డపొగ తాగే ఆడవాళ్ళ అంగిలి మీద మెత్తటి చిన్న బ్రష్షు తిప్పి, దాన్ని మందునీళ్ళ సీసాలో ముంచి, మూత మీద నంబరు వెయ్యాలి. ఏ నంబరు ఎవరిదో నా డైరీలో రాసుకోవాలి. సీసాలను టీకాల ఐసు పెట్టెలో సర్ది రైల్లో విశాఖపట్నం పంపాలి.

మొదటి ఊళ్ళో ఒక్కరూ నోరు తెరవలేదు. నోటి తడి పరాయివాడి చేతిలో పడితే చిల్లంగి పెడతారని, అంటే చేతబడి చేస్తారని, వాళ్ళ భయం. ఆయా చేత ఎంత చెప్పించినా లాభం లేకపోయింది. అప్పుడు ఆయా వచ్చి నా ముందు బండ మీద కూర్చుంది.

"ముందు నాకెట్టు బాబూ. సిల్లంగైతే ముందు నన్నే పడతాది."

నోరు తెరిచింది. బ్రష్షు తిప్పాను. ఆమె దాన్ని నా చేతిలోంచి లాక్కుని అందరికీ ఎత్తి చూపింది. అక్కడి మాటలు తర్వాత ఆమే నాకు తెలుగులో చెప్పింది.

"సూడండే గుంటలూ! పన్నూడిందా? నాలిక తెగిందా?"

"నీ నాలిక తెగితే మా ఊరు సల్లగుండును!" అంది ఒక ముసలమ్మ. అంతా పకపకా నవ్వారు. బ్రష్షు చేతులు మారింది. ముసలమ్మ వాసన కూడా చూసింది. చూసి, వచ్చి, ఆయా పక్కన కూర్చుని నోరు తెరిచింది. ఆమె వెనక మిగతావాళ్ళు.

పదిమంది చేతులు తగిలిన బ్రష్షు పరీక్షకు పనికిరాదు. పారేసి, వృథా గడిలో ఒకటి వేశాను. తొమ్మిది ఊళ్ళలోనూ ఇలాగే జరిగింది. ప్రతి ఊళ్ళో మొదటి నోరు ఆయాదే.

తొమ్మిదో ఊరి నుంచి దిగుతున్నప్పుడు, ఐసు పెట్టె తలమీద పెట్టుకుని ముందు నడుస్తున్న ఆయా వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"మరి నాదెప్పుడు పట్టుకెల్తావు బాబూ?"

"నీదేముందమ్మా, ఇంటి దగ్గరే ఉంటావు. ఎప్పుడైనా తీసుకోవచ్చు."

"అవునవును. నానెక్కడికి పోతాను."

ఆయా పేరు ఏ ఊరి జాబితాలోనూ లేదు. జాబితాలో లేనివాళ్ళ నుంచి తీసుకోకూడదని ఎవరూ చెప్పలేదు. నాకే తోచలేదు. ఆ మర్నాటి నుంచి జ్వరాల కాలం మొదలైంది, స్లైడ్లలో పడిపోయాను. మా ఈ నాలుగు మాటలూ ఆ రోజు డైరీలో లేవు.

కొన్ని నెలలకు డాక్టరమ్మ ఒక నంబరు రాసి పంపింది. ఆ కణాల్లో గుర్తులు ఎక్కువగా ఉన్నాయట. పైకి ఏమీ కనబడకపోయినా ఆ మనిషిని తీసుకురమ్మంది. డైరీలో చూస్తే ఆ నంబరు మొదటి ఊరి ముసలమ్మది. చుట్ట మాన్పించి, అంగిలిని విడవకుండా చూస్తూ వచ్చారు. మరుసటి ఏడు చిన్న మచ్చ కనబడగానే కోసి తీసేశారు. ముసలమ్మ ఇంటికొచ్చి తన చోళ్ళ పంట నూర్చుకుంది.

ఆ తర్వాతి ఏడు ఆయా అంబలి చల్లార్చి తాగడం మొదలుపెట్టింది. పొగలు కక్కే అంబలి తాగే మనిషి. డైరీలో అది కూడా రాశాను. అడిగితే పన్ను నొప్పి అంది. రెండు నెలలు నమ్మాను. ఒక రోజు నోరు తెరవమన్నాను. తెరవడానికి ఇబ్బంది పడింది. లోపల అంగిలి మీద పుండు ఉంది.

మరుసటి రోజు రైలెక్కాం. సంచిలో డైరీలు పెట్టుకున్నాను, అడిగితే అన్నీ చెప్పాలని. డాక్టరమ్మ నోరు చూసి, నన్ను పక్కకు పిలిచింది.

"ఆమెది ఏ నంబరు సార్? అప్పటి సీసాలన్నీ ఫ్రీజర్‌లో దాచాం. నేనేమైనా వదిలేశానేమో తీసి చూస్తాను."

తప్పు తనదేమోనని ఆ అమ్మాయి కంగారు. నేను డైరీ తీసి పేజీలు తిప్పాను. లేదని తెలిసీ చివరిదాకా తిప్పాను.

బల్ల మీద కూర్చున్న ఆయా అంది: "దొరకనేదా బాబూ? నీ పుస్తకంలో అన్నీ ఉంటాయి కదా."

ఆ సీసా ఉంటే గుర్తులు కనబడేవా, ముసలమ్మను కాపాడినట్టు ఆమెను కాపాడేవాళ్ళా, ఎవరూ చెప్పలేరు. డాక్టరమ్మ ఆ మాటే రెండుసార్లు అంది, నా కోసం.

ఆపరేషన్ ముందు రోజు ఆయా అడిగింది: "అంగిలి తీసీత్తే మాటొస్తాదేటి బాబూ?"

"ప్లేటు అమరుస్తారు. వస్తుంది," అన్నాను.

రాలేదు. మాటంతా ముక్కులోంచి గాలిగా పోయేది. అయినా ఒకసారి నాతో ఊరికి వచ్చింది. ఆడవాళ్ళు ఏదో చెబుతున్నారు, నేను అలవాటుగా ఆమె వైపు చూశాను. ఆమె నోరు తెరిచి, మూసి, కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ రోజు వాళ్ళు నాకేం చెప్పారో ఇప్పటికీ తెలియదు.

చలి మొదలై కొండ చేలల్లో వలిసె పూలు పూసే కాలంలో ఆయా పోయింది. సొంత ఊరికి మోసుకెళ్ళారు. మొదటి ఊరి ముసలమ్మ అంత దూరం నడిచి వచ్చింది. నా పక్కన చతికిలబడి, విశాఖపట్నం ఆసుపత్రిలో పట్టుబడిన తెలుగులో అంది: "దాని నోరు సూసే నాను నోరు తెరిసినాను బాబూ. సిల్లంగి నన్ను వొగ్గీసి దాన్నే పట్టింది."

రిటైరయ్యాక ఆ ఏటి డైరీ తీశాను. తొమ్మిది పేజీల్లో, కుడివైపు గడిలో, నా దస్తూరీలోనే ఉంది: "బ్రష్షు 1. చూపుటకు వాడితిని. వృథా." ఆ చివరి మాట కొట్టేద్దామని కలం తీశాను. కానీ పాత రోజు రాతను దిద్దే అలవాటు నాకు ఎన్నడూ లేదు. కొట్టెయ్యలేదు. పక్కనున్న ఖాళీలో ఆమె పేరు రాశాను. తొమ్మిది చోట్లా రాశాను.