పెదనాన్న తొట్టి, మాస్టారి పత్రిక

నిన్న మా పెదనాన్న మనవరాలు నా ఫోనుకు ఒక ఫోటో పంపింది. పాత తెలుగు మాసపత్రికలోని ఒక పుట. "చిన్నాయనా, ఇందులో తాతను గురించి ఏమో రాసిండారంట. మంచిదా, చెడ్డదా?" అని అడిగింది. కోయంబత్తూరులో మా ఇళ్లలో తెలుగు మాట్లాడనివాళ్లు లేరు, చదివేవాళ్లే లేరు. నేను కూడా పెళ్లయిన తర్వాతే, గాంధీపురం దగ్గరి గ్రంథాలయంలో పిల్లల వాచకం ముందేసుకుని అక్షరాలు దిద్దాను. అప్పటినుంచి పెళ్లి పత్రికలు, తాతల నాటి దస్తావేజులు అన్నీ నా దగ్గరికే వచ్చేవి. ఆ గొప్ప నా తలకెక్కిందని మా ఇంటావిడ ఇప్పటికీ అంటుంది.

ఆ రోజుల్లో పెదనాన్న మా వార్డు కౌన్సిలరు. ఆ మాసపత్రికను రిటైరైన తెలుగు మాస్టారు ఒక్కరే నడిపేవారు. మనవాళ్ల ఇళ్లన్నిటికీ వచ్చేది. చదవలేకపోయినా, మన భాష కదా అని దేవుడి పటం పక్కన పెట్టుకునేవాళ్లు. ఒక ఎండాకాలం అందులో, మనవరాలు ఇప్పుడు పంపిన ఆ పుటలోనే, "నీళ్ల లారీ కౌన్సిలరు ఇంటి తొట్టి నింపిన తర్వాతే వీధిలోకి వస్తోంది. ఎందుకు?" అని అచ్చయింది. చదివినవాళ్లు లేకపోయినా, పదిరోజులు తిరిగేసరికి అది "కౌన్సిలరు నీళ్లు అమ్ముకుంటున్నాడు" అయి, ఊరు దాటి కారమడై దాకా పోయింది.

పెదనాన్న నన్ను పిలిపించి చదివించుకున్నారు. "మాస్టారు మా వీధి తొక్కినవాడే కాదు. తొట్టి సంగతి వానికి ఎవురు చెప్పిండేది?" అంటూ నన్నే చూశారు. "తెలుగు రాసేది మనవాళ్లలో ఇద్దురే. వాడొకడు, నువ్వొకడు."

"నేను రాయలేదు పెదనాయనా."

"సరి. అయితే వక్కీలుకు దీన్ని అరవంలో రాసియ్యి. కొంచెం కారంగా రాయి. నీళ్లు అమ్ముతాడని ఉండాదని రాయి. ఎవురు సరిచూస్తారు?"

అలా రాస్తే మాస్టారి పత్రిక అంతటితో మూత. రాయకపోతే నేనే దొంగ. పదవిలో ఉన్నవాణ్ణి ప్రశ్నించే హక్కు పత్రికకు ఉందనీ, పదవిలో ఉన్నాడు గదా అని అతని పరువు తీసే హక్కు మాత్రం లేదనీ గ్రంథాలయంలో చదివినదంతా ఏకరువు పెట్టాను. పెదనాన్న ఓపికగానే విన్నారు. "పుస్తకం మూసెయ్ నాయనా. రాసే ముందర వాడు నన్ను ఒక మాట అడిగినాడా?"

ఉన్నది ఉన్నట్టే తర్జుమా చేసి ఇచ్చాను. వకీలు చదివి, ఇందులో కేసు లేదు, జవాబు రాసి ఆ పత్రికకే పంపండి అన్నాడు. పెదనాన్న కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "అట్లయితే వానికి చెప్పింది నువ్వే" అన్నారు.

పెదనాన్న తొట్టి నీళ్ల మీద అనుమానం నాకూ తక్కువ లేదు. ఒక పొద్దున పోయి చూశాను. వెనక సందులోకి లారీ పట్టదు. ఆ సందువాళ్లు బిందెలతో వచ్చి పెదనాన్న తొట్టిలోనే ముంచుకుంటున్నారు. పెద్దమ్మ వాకిట్లో నిలబడి తిడుతూనే అందరికీ వంతు చూస్తోంది. చివరికి తొట్టి అడుగున ఎన్ని నీళ్లు మిగిలాయో, అవి ఎవరికి పోయాయో మాత్రం నేను చూడలేదు.

చూసినంతవరకు రాసి మాస్టారి దగ్గరికి తీసుకుపోయాను. అచ్చు వేస్తానన్నారు, వేశారు కూడా. ఆ జవాబు ఏ ఇంట్లోనూ దేవుడి పటం దాటలేదు. ఆ రోజు నేను లేచి వస్తూంటే మాస్టారు గొంతు తగ్గించి, "మీ పెదనాయన మనుషులు రెండుసార్లు వచ్చి అడిగిండారప్పా. నీ పేరు చెప్పలేదులే" అన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది. గ్రంథాలయంలో పేపరు కోసం కాచుకుంటూ, పక్కన కూర్చున్న మాస్టారితో మా పెదనాన్న ఇంటిముందు ఆగే లారీ గురించి నవ్వుతూ చెప్పింది నేనే. ఆ సందు ఒకటుందని అప్పటికి నాకే తెలియదు.

పెదనాన్న పోయేదాకా ఒక్క పెళ్లి పత్రిక కూడా నాచేత చదివించలేదు. మాస్టారూ నా పేరు తనతోనే తీసుకుపోయారు. పెదనాన్న నన్ను అన్యాయంగా అనుమానించారని చుట్టాల దగ్గర చెప్పుకుంటూ తిరిగిన ఏళ్లలోనే, ఆయనకు నిజం చెప్పగలిగిన కాలం కాస్తా గడిచిపోయింది.