చింతచెట్టుకు కాపలా

జగదల్‌పూర్‌లో మా అత్తగారింటి మేడ ఎక్కితే ఎదురుగా పెద్ద చింతచెట్టు. వానాకాలం వస్తే దాని నిండా తెల్ల కొంగలు గూళ్ళు కట్టేవి. కింద నడిచేవాళ్ళ తలపాగాలు పాడయ్యేవి, బజారంతా నీచు కంపు కొట్టేది. చెట్టు కొట్టించమని మా పక్క దుకాణాలవాళ్ళు సంస్థానం కచేరీలో అర్జీ పెట్టుకున్నారు.

దానికి ఒక బెంగాలీ పెద్దాయన అడ్డం పడ్డాడు. ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి మానేసినవాడు. ఊళ్ళో చెట్లు ఒక్కొక్కటే పోతున్నాయని, పిట్ట వాలడానికి చోటు మిగలడం లేదని ఆయన బాధ. కచేరీలో వట్టి మాటలు చెల్లవు కాబట్టి, చెట్ల ఎదుట కాపురమున్న ఇళ్ళవాళ్ళనే చూసి చెప్పమన్నాడు. ఎన్ని గూళ్ళున్నాయి, ఎన్ని పిల్లలు రెక్కలొచ్చి లేచాయి, ఎన్ని రాలిపోయాయి, అన్నీ కావాలి. మా చెట్టు సంగతి చెప్పడానికి మా ఆయన ఒప్పుకున్నాడు. దుకాణం వదిలి ఆయనకు తీరికేదీ? ఆ పని నాకొచ్చింది.

నేను గుమ్మం దాటని కోడలిని. బట్టలు ఆరేసేటప్పుడూ, తీసేటప్పుడూ గూళ్ళు లెక్కపెట్టి పిట్టగోడ మీద బొగ్గుతో గీతలు గీసేదాన్ని. "కొంగ జపమంటే విన్నం గని, కొంగల కోసం జపం ఇప్పుడే చూస్తున్న," అనేది మా అత్తగారు. నాకు మాత్రం గర్వంగా ఉండేది. అంతకుముందు నా మాట వంటింటి గడప దాటింది లేదు. ఇప్పుడు కచేరీ దాకా పోతోంది.

చెట్టు బతికింది. దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదని హుకుం వచ్చింది. కాపలాకి ఒక జవానును కూడా పెట్టారు. పెద్దాయన మా ఇంటికి మిఠాయి పంపాడు.

శివరాత్రి దాటింది. కొంగలు ఎప్పుడో వెళ్ళిపోయాయి. ఒకరోజు చింతపండు అవ్వ వచ్చి మా పెరటి గుమ్మం దగ్గర కూలబడింది. ఏటా ఆ చెట్టు పండు రాల్చి, గింజ తీసి, మా ఇంటికి అమ్మే మనిషి. మరైగూడ వైపు నుంచి మొగుడితో వచ్చింది, మొగుడు పోయాక ఇక్కడే ఉండిపోయింది. మా పుట్టిల్లు ఆ పక్కనే ఉన్న కుంట. ఆమె మాట వింటే నాకు పుట్టింటి అరుగు మీద కూచున్నట్టుండేది. ఏడాదిలో సగం ఆమెకు ఆ పండు మీదే గడిచేది.

"చెట్టెక్కనిస్తలేడు బిడ్డా జవాను. రాలింది ఏరుకుంటనన్నా కర్ర చూపిస్తుండు. ఏందట? ఏమైందట?"

చెట్టు నా లెక్కల వల్లే నిలిచిందని చెప్పలేకపోయాను. అన్ని నెలలు చూశాను, ఏ కొమ్మ మీద ఏ గూడుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఆ పండే అవ్వకు కూడు అని నాకు ముందే తెలుసు. అయినా ఆ సంగతి కూడా చెప్పాలని ఒక్కనాడూ తోచలేదు. పెద్దాయన కొంగల గురించి అడిగాడు, నేను కొంగల గురించే చెప్పాను.

అన్నం వడ్డిస్తూ మా ఆయన్ని బతిమాలాను. "ఎండకాలం ఆ చెట్టు మీద ఒక్క గూడుండదు. పండు రాల్చుకుంటే కొంగలకేం పోతది? పెద్దాయనకు చెప్పుండ్రి."

ఆయన వెళ్ళి అడిగి వచ్చాడు. "ఎండకాలం గూళ్ళు లేవని మనమే అంటే, అయితే ఎండకాలంలనే కొట్టేద్దాం అంటరు పక్క దుకాణాలోళ్ళు. హుకుం కదపొద్దన్నడు. ఊకో."

అదీ నిజమే. చెట్టా, అవ్వా అన్నప్పుడు నేను చెట్టునే ఎంచుకున్నాను. దీన్ని ఇంకోలా చెప్పుకుందామని చాలాసార్లు చూశాను, కుదరలేదు.

పండంతా రాలి దుమ్ములో చీమల పాలైంది. అవ్వ కట్టెలు మోసి అమ్ముతోందని విన్నాను. వానలు పడ్డాయి. కొంగలు మునుపటికంటే ఎక్కువే వచ్చాయి. పెద్దాయన కబురు పెట్టాడు, నేను మళ్ళీ బొగ్గు పట్టుకున్నాను.

వానలు తగ్గుముఖం పట్టాక అవ్వ మళ్ళీ పెరటి గుమ్మం దగ్గరకొచ్చింది. కొంగు ముడి విప్పి, కాస్త చింతపండు కావాలంది. చింతపండు ఆమె కొనుక్కోవడం నేనెప్పుడూ చూడలేదు. లోపలికెళ్ళి దోసెడు తెచ్చి ఒళ్ళో పోశాను, పైసలు వద్దన్నాను. ఆమె వినిపించుకోకుండా గడప మీద పెట్టింది. లేవబోతూ మేడ మీద నా బొగ్గు గీతల పిట్టగోడ వైపు చూసింది.

"మీ కొంగలు ఈసారి మంచిగ పిల్లల్ని లేపినయా బిడ్డా?"

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే కాస్త తేలికపడేదాన్ని.

"లేపినయి అవ్వా," అన్నాను.