ఊరికే

పంజాగుట్ట దగ్గర ఫ్లైఓవర్ పనుల వల్ల బస్సు కదలడం లేదు. వచ్చేవారం మా కొత్త కారు ఇంటికొస్తుంది. నేను ఒళ్లో మ్యాపు పరుచుకుని ఓరుగల్లు కోటకీ, రామప్ప గుడికీ, లక్నవరం చెరువుకీ ఎర్ర పెన్నుతో గుర్తులు పెడుతున్నాను.

సీటు పక్కన నిలబడ్డ తెల్లచొక్కా మనిషి వంగి చూశాడు.

“ఏ ఊరికి పోతున్రు మేడం?”

“ఊరికేనండీ. కారులో అలా తిరిగొద్దామని.”

“మంచిగుంది. మీరు ఊరికే పోతున్రు. నేను ఊరికి పోక రెండేండ్లాయె. ఆఫీసు క్యాబ్ నడుపుత. లీవ్ అడిగితే బండి ఇంకొకనికిస్తరు. నా బిడ్డకు ఫోన్ల నా గొంతే ఎరుక, మొఖం యాదిలేదు.”

నా పెన్ను తీసుకుని, రామప్ప దారి పక్కన ఒక చుక్క పెట్టాడు. “గీడుంటది మా ఊరు. మీ మ్యాపుల పేరు సుత లేదు.”

అమీర్‌పేటలో దిగిపోయాడు.

నెల తర్వాత ఆ దారినే వెళ్లాం. చుక్క పెట్టిన చోటు రాగానే కారు ఆపమన్నాను.

“ఇక్కడేముందని?” అన్నారు మావారు.

“ఊరికే” అన్నాను. పాడు నోటికి ఆ మాటే వచ్చింది.

చెరువు దగ్గర ఫొటోలకి వెలుతురు పోతుందని ఆయన స్పీడు పెంచారు. నేను మళ్లీ అడగలేదు.