బావిలో వేలాడే వీరుడి కోసం కనిగిరి దాకా

గుంటూరు నుంచి కనిగిరికి ఎవరూ సరదాకి వెళ్లరు. పెళ్లికో, పొలం తగాదాకో, కొండ మీద కోట చూస్తామని బయలుదేరి ఎండకు సగంలోనే దిగి వచ్చేందుకో వెళ్తారు. నేను ఒక పాడ్‌కాస్టును బతికించడానికి వెళ్లాను. దాని ప్రాణం మీదికి తెచ్చిందీ నేనే కాబట్టి బస్సు ఛార్జీలు నేనే పెట్టుకోవడం న్యాయమనిపించింది.

ముందు ఆ పాడ్‌కాస్టు సంగతి. పేరు ‘పరుపు మీద బొమ్మల కథ’. కనిగిరిలో పరుపుల కొట్టు నడిపే మస్తాన్ గారు, ఆయన అక్క హుస్సేనమ్మ గారు కలిసి చేస్తారు. వారానికి ఒక పాత బొమ్మల కథల పుస్తకం తీసుకుని పేజీ పేజీ మాట్లాడుకుంటారు. పట్నాల్లో ఇలాంటి పని చేసేవాళ్లు గోడలకు స్పాంజి ముక్కలు అతికించి దాన్ని స్టూడియో అంటారు. వీళ్లకు ఆ ఖర్చు లేదు. చుట్టూ దూది బస్తాలు, మధ్యలో చాప, చాప మీద ఫోను. వీధిలో లారీ హారన్ కొట్టినా లోపలికి రాదు. దూది మాత్రం ముక్కులోకి వస్తుంది. అందుకే ప్రతి ఎపిసోడ్‌లో కనీసం మూడు తుమ్ములు ఉంటాయి. మస్తాన్ గారు వాటిని కొయ్యరు. కొయ్యడం ఆయనకు రాదు. రికార్డింగు ఆపిన మరుక్షణం ఉన్నదున్నట్టు ఎక్కించేస్తారు.

వినదలచిన వాళ్లు రాజకుమారి ఎపిసోడ్‌తో మొదలుపెట్టండి. కథలో రాక్షసుడు ఆమెను ఎత్తుకుపోయి గుహలో పెడతాడు. మస్తాన్ గారు ఆ గుహ నీడలు ఎంత బాగా గీశారో అని పావుగంట మురిసిపోతారు. అంతా విని హుస్సేనమ్మ గారు, “పదహారు పేజీల్లో ఆ పిల్లకు ఒక్క పూట అన్నం పెట్టలేదు, చూశావా?” అంటారు. ఆ ప్రశ్నకు ఇంతవరకూ ఏ పండితుడూ జవాబు చెప్పలేదు. విలన్ మీసం ఒక పేజీలో కుడివైపు, మరో పేజీలో ఎడమవైపు ఎందుకు మెలితిరిగిందో తేల్చిన ముప్ఫై నిమిషాల ఎపిసోడ్ కూడా ఉంది. దేశానికి అంతకంటే ముఖ్యమైన విషయాలు ఉంటే ఉండనివ్వండి.

నేను గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరుని. మే నెలలో స్వెట్టరు వేసుకుని చేసే ఉద్యోగం మా ఊళ్లో ఇదొక్కటే. మిర్చి బస్తాల, అదే టిక్కీల మధ్య మఫ్లరు కింద ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తిరుగుతుంటే ఒకరోజు ‘గొడుగు దొర’ ఎపిసోడ్ వచ్చింది. అదొక సీరియల్ బొమ్మల కథ. పదకొండో భాగం చివర గొడుగు దొర పాడుబావిలో పడబోతూ, గొడుగు వంకీ రాతికి తగిలించి వేలాడతాడు. పైన పాము, కింద మొసలి. పన్నెండో భాగం రాకముందే ఆ ప్రెస్సు మూతపడింది. “అప్పుడు నాకు పదకొండేళ్లు. నలభై ఏళ్లయింది, వాడింకా ఆ బావిలోనే ఉన్నాడు,” అన్నారు హుస్సేనమ్మ గారు.

ఆ గొంతు విని నేను ఊరుకోలేకపోయాను. పన్నెండో భాగం మా మేనమామ అటక మీద దొరికిందని, నా దగ్గరే ఉందని షోకి ఉత్తరం రాసి పడేశాను. ముగింపు కూడా రెండు పేజీలు రాశాను. గొడుగు దొర గొడుగు విప్పుతాడు, పాము దాన్ని తనకంటే పెద్ద పడగ అనుకుని తప్పుకుంటుంది, వగైరా. తరువాతి వారం దాన్ని షోలో చదివారు. హుస్సేనమ్మ గారు చివరి వాక్యం మళ్లీ చదివించుకున్నారు. తరువాత, “అమ్మయ్య. బయటికొచ్చాడు,” అన్నారు. ఆ పూట నేను బిర్యానీ తిన్నాను.

రెండు నెలలు హాయిగా గడిచాయి. ఫిబ్రవరిలో మస్తాన్ గారు నన్ను అడక్కుండానే షోలో, “వచ్చే ఆదివారం రెండు గంటలకు గుంటూరాయన పన్నెండో భాగం తెస్తున్నారు,” అని ప్రకటించారు. ఈయన మొదటి ఎపిసోడ్‌లో ఏమన్నారో నాకు గుర్తుంది. “మా కొట్లో పాత దూదిని కొత్తదని చెప్పి ఎప్పుడూ అమ్మలేదు. ఈ షోలో ఒక్క అబద్ధం చెప్పినా ఆ రోజే కట్టేస్తాం.” అన్నంత పనీ చేసే మనిషి. వెళ్లకపోతే అనుమానం, వెళ్తే చేతిలో పుస్తకం లేదు. గుంటూరు నుంచి కనిగిరికి ఆరు గంటల పైన పడుతుంది. పుస్తకం ఎందుకు తేలేదో చెప్పడానికి ఒక మంచి అబద్ధం అల్లుకోవడానికి ఆ సమయం చాలనుకున్నాను.

ఆదివారం ఉదయం ఆరుంపావుకి అద్దంకి బస్సు ఎక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. కిటికీ అద్దం మూసుకోదని యడ్లపాడు దాటాక తెలిసింది. రోడ్డు పక్క కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. బస్సంతా ఒకరి తరువాత ఒకరు దగ్గుతున్నారు. పక్కన కూర్చున్న రైతుకు నా అలవాటు ప్రకారం పాడ్‌కాస్టు సిఫారసు చేశాను.

“పాడ్‌కాస్టంటే ఏంటండీ, కొత్త మందా? పత్తికా, మిర్చికా?” అన్నాడాయన.

“చెవులకండీ.”

“చెవులకేం తెగులు?”

ఒక ఇయర్‌ఫోన్ ఆయన చెవిలో పెట్టాను. చిలకలూరిపేట వచ్చేదాకా విని, “ఆవిడ బాగా మాట్లాడుతోంది. ఆ మగాయన్ని కాస్త తగ్గించుకోమనండి,” అని తిరిగిచ్చేశాడు. శ్రోతల సంఖ్య అలా నాలుగు నిమిషాల పాటు ఒకటి పెరిగింది.

ఎనిమిదిన్నరకు అద్దంకి. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిన్నాను. చట్నీలో మిర్చి మా స్టోరేజీలో ఎవరి సరుకో పోల్చుకోగలిగేంత కారంగా ఉంది. తొమ్మిదింపావుకి దర్శి మీదుగా పొదిలి వెళ్లే బస్సు. నా పక్కన ధనియాల మూట ఒళ్లో పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుంది. అబద్ధాన్ని పరీక్షించడానికి ఇంతకంటే మంచి మనిషి దొరకదనిపించింది. నా స్నేహితుడొకడు ఒక పాత పుస్తకం తెస్తానని మాటిచ్చాడని, ఇప్పుడు ఏం చెప్పాలో తోచక ఇబ్బంది పడుతున్నాడని మొదలుపెట్టాను.

“చెదలు తినేశాయంటే?” అన్నాను.

“మొత్తం తింటాయా? అట్ట ముక్కన్నా మిగలాలిగా. అది చూపించమంటారు.”

“వానకు తడిసిపోయిందంటే?”

“ఫిబ్రవరిలో వానేంటయ్యా?”

“భార్య పాత పేపర్లవాడికి వేసేసిందంటే?”

ఆవిడ నా వైపు పూర్తిగా తిరిగింది. “ఆడమనిషి మీద పెట్టొద్దను. అది వినిందంటే ఇంట్లోకి రానివ్వదు.” మూట సర్దుకుంటూ, “మీ స్నేహితుడికి ఈ బస్సులోనే సీటు దొరికినట్టుందే,” అంది. దర్శిలో దిగేటప్పుడు ఆ మూట దింపడానికి సాయం చేశాను. ఆవిడ నా అబద్ధాలను మూడింటికి మూడూ పాతిపెట్టింది, నేను మోసింది మాత్రం ధనియాలు.

దర్శి దాటితే నేల రంగు మారుతుంది. నల్లరేగడి పోయి గులకరాళ్లు, ఎర్రమట్టి, పొగాకు ఆరబెట్టే బేరన్లు. పదకొండున్నరకు పొదిలిలో టీ తాగి కనిగిరి బస్సెక్కాను. పన్నెండూ యాభైకి కనిగిరి. కోట కొండ ఊరి వెనక అలాగే ఉంది. ఎక్కమని అదీ నన్ను అడగలేదు, ఎక్కుతానని నేనూ అనలేదు. బస్టాండు దగ్గర మెస్సులో భోజనం బాగుంది. పప్పు, గోంగూర, అడక్కుండానే రెండోసారి అన్నం. ఉరిశిక్షకు ముందు ఖైదీకి కూడా ఇలాగే పెడతారట. ఆ భోజనం మీదే చివరి అబద్ధం కుదిరింది: పుస్తకం తిరిగిచ్చాక మేనమామ ఇల్లు కాలిపోయింది. బూడిదను ఎవరూ చూపించమనరు.

రెండుకు పది నిమిషాల ముందు కొట్టుకు చేరాను. మస్తాన్ గారు గొంతును బట్టి నేను ఊహించినదానికంటే పొడుగ్గా ఉన్నారు. కనుబొమల మీద దూది. “రండి సార్, రండి. మొత్తానికి వచ్చారు,” అంటూ బస్తాల మధ్యనుంచి లోపలికి తీసుకెళ్లారు. హుస్సేనమ్మ గారు చాప మీద కూర్చుని దబ్బనంతో పరుపు అంచు కుడుతున్నారు. నన్ను చూసి దబ్బనం పక్కన పెట్టి, ఒక దిండు గలీబు తీసి ఒళ్లో పరిచారు. తెల్లటి కొత్త గుడ్డ, అంచుకు ఎర్ర దారం.

“పదకొండు పుస్తకాలూ ఇన్నాళ్లు పాత దిండు గలీబులో ఉన్నాయండి. పన్నెండూ పట్టేట్టు ఇది కుట్టాను,” అన్నారు.

మస్తాన్ గారు ఫోను నొక్కారు. నమస్కారాలయ్యాయి. ఆయన ఒకసారి తుమ్మారు, నేను రెండుసార్లు తుమ్మాను. “ఇప్పుడు మన గుంటూరాయన సంచి విప్పుతారు,” అన్నారు. కాలిపోయిన ఇల్లు నాలుక చివర సిద్ధంగా ఉంది. మంటలు ఏ పక్కనుంచి లేచాయో కూడా అనుకున్నాను. కానీ ఆవిడ గలీబు మూతి రెండు చేతులతో తెరిచి పట్టుకుని ఉన్నారు.

“పుస్తకం లేదండి. ఎప్పుడూ లేదు. ఆ ముగింపు నేను అల్లింది,” అన్నాను.

దూది బస్తాల మధ్య నిశ్శబ్దం ఎంత బాగా రికార్డవుతుందో ఆ ఎపిసోడ్ వింటే మీకే తెలుస్తుంది. మస్తాన్ గారి చెయ్యి ఫోను మీదికి వెళ్లింది.

“ఉంచరా,” అన్నారు హుస్సేనమ్మ గారు. తరువాత నాతో, “వాణ్ణి మళ్లీ బావిలోకి దింపేశారు కదండీ,” అన్నారు.

నేను తల దించుకున్నాను. కోపంగా అని ఉంటే బాగుండేది.

“ఇంకేం ఉంచడమక్కా. కట్టేస్తానని మొదటి రోజే అన్నాను. ఇదే చివరిది,” అన్నారు మస్తాన్ గారు.

ఆవిడ తమ్ముడికి జవాబు చెప్పకుండా నన్నే అడిగారు. “మీరు మిర్చిలో ఉంటారటగా. టిక్కీ కొనేవాడు ఏం చూస్తాడు?”

“మధ్యలోకి చెయ్యి దూర్చి కాయలు తీసి చూస్తాడండి. పైన ఎప్పుడూ మంచి కాయలే పోస్తారు.”

“దూదీ అంతే. ఒరేయ్ మస్తానూ, ఉత్తరం రాగానే చెయ్యి పెట్టి చూడాల్సింది మనం. పై కాయలు చూసి కొన్నాం. అబద్ధం ఆయనది, బేరం మనది.”

“అందుకే కట్టేద్దామంటున్నా.”

“కట్టేస్తే ఏమవుతుంది? విన్నవాళ్లంతా గొడుగు దొర బయటికొచ్చాడనే అనుకుంటూ ఉంటారు. అబద్ధం అలాగే ఉంటుంది, మనం ఉండం. నీ మాట నిలబడాలంటే ఇది ఎక్కించు, ఆ తరువాత కూడా నడుపు. ఇక మీదట పుస్తకం చేతిలో ఉంటేనే నోరు తెరుద్దాం.”

మస్తాన్ గారు చాలాసేపు కనుబొమల మీది దూది తుడుచుకున్నారు. చివరికి ఫోను మీదినుంచి చెయ్యి తీశారు. “అక్క చెప్పింది విన్నారుగా. వచ్చే వారం ఉంటాం,” అని ఫోనుతోనే అన్నారు, నాతో కాదు.

హుస్సేనమ్మ గారు పదకొండో భాగం నా ముందు పెట్టి, చివరి పేజీ తెరిచారు. “మీరే తీశారు. మీరే దింపండి.”

చదివాను. గొడుగు వంకీ రాతికి తగులుకుంది. పైన పాము, కింద మొసలి. గొడుగు దొర నుదుటి మీద చెమట చుక్కలు మూడు. ‘తరువాయి వచ్చే భాగంలో’. మధ్యలో నాకు నాలుగు తుమ్ములు వచ్చాయి. తుమ్ములే అని నేను అంటున్నాను.

రికార్డింగు అయ్యాక టీ ఇచ్చారు. మస్తాన్ గారు ఎపిసోడ్ ఎక్కించే పనిలో పడ్డారు. ఆవిడ పదకొండు పుస్తకాలూ కొత్త గలీబులో సర్దారు. ఒకదానికి చోటు వదులుగా మిగిలింది, దాన్ని కుట్టెయ్యలేదు. నన్ను గుమ్మం దాకా సాగనంపుతూ, “ఆ పాము గొడుగును పడగ అనుకోవడం బాగుందండి. అదొక్కటీ నిజమై ఉంటే ఎంత బాగుండేది,” అన్నారు.

నాలుగున్నరకు పొదిలి బస్సు, అక్కడినుంచి ఐదూ నలభైకి అద్దంకి బస్సు. నా వెనక ఎవరైనా ఈ దారిన వెళ్లదలిస్తే రెండు మాటలు. కుడివైపు కూర్చుంటే వెళ్లేటప్పుడు ఎండ తగలదు. కనిగిరిలో పరుపుల కొట్టు ఎవరినడిగినా చూపిస్తారు. పాడ్‌కాస్టని అడిగితే ఎవరూ చూపించరు. చేతిలో పుస్తకం ఉంటేనే వెళ్లండి. లేకపోతే ఇంట్లో కూర్చుని వినండి, ఆదివారాలకు నాకు తెలిసిన ఉపయోగం అదొక్కటే. వాళ్లను చూసి వచ్చాక ఆ షో మీద నాకున్న అభిమానం తగ్గలేదు, కాకపోతే ఇప్పుడు సిగ్గును కూడా వెంటబెట్టుకుని వస్తోంది.

దర్శి దాటుతుండగా నా ఫోనుకు సిగ్నలు తగిలి ఎపిసోడ్ వచ్చింది. ఇయర్‌ఫోన్లు కొట్లోనే మరిచిపోయాను. ఫోను గట్టిగా పెట్టి విన్నాను. పక్క సీటులో పత్తి బేరానికి వెళ్లి వస్తున్న ఒకాయన మెల్లగా ఇటు జరిగాడు. నా ఒప్పుకోలు వచ్చింది. దూది వల్ల గొంతు ముక్కుతో మాట్లాడుతున్నట్టుంది. ఆయన చివరిదాకా విని పెద్దగా నిట్టూర్చాడు.

“పాపం ఆవిడ, గలీబు కూడా కుట్టుకుంది. ఎవడండీ వీడు?”

“నేనేనండి.”

ఆయన నన్ను కాళ్ల దగ్గరనుంచి తల దాకా చూశాడు.

“ఊరుకోండి సార్. చూడబోతే పెద్దమనిషిలా ఉన్నారు, బస్సెక్కి ఈ అబద్ధాలేంటి?” అని మళ్లీ కిటికీ వైపు జరిగాడు.