ఇసుకలో దాచిన నరసింహస్వామి కోసం ఒక శుక్రవారం

పాత నాణేల పిచ్చి నాకు కాకినాడలోనే అంటుకుంది, ఖతర్ వచ్చాక ముదిరింది. ఒకప్పుడు ఇక్కడ మన రూపాయలూ అణాలే చెల్లేవని ఆఫీసులో ఒక పెద్దాయన చెప్పాడు. ఆ మాట పట్టుకుని, నేలలో లోహం ఉంటే కూతపెట్టే యంత్రం ఒకటి కొన్నాను. సెలవు దొరికితే చాలు, దోహా ఉమ్ ఘువైలినాలోని మా ఫ్లాటు నుంచి దాన్ని భుజాన వేసుకుని బయల్దేరేవాణ్ణి. రెండేళ్లలో దొరికినవి సీసా మూతలు, మేకులు, ఒక కారు తాళంచెవి. మా ఆవిడ శారద వాటిని ఒక డబ్బాలో వేసి, పైన "మీ నిధి" అని కాగితం మీద రాసి అంటించింది. ఈసారి ప్రయాణం మాత్రం నా పిచ్చి కోసం చేసింది కాదు. ఇలాంటి యంత్రంతో ఇక్కడ తిరగాలనుకునే వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను గానీ, సిగ్గు పడుతూనే రాస్తున్నాను.

నజ్మాలో నేను శుక్రవారాలు భోంచేసే తెలుగు మెస్సులో లచ్చన్న పరిచయమయ్యాడు. జగిత్యాల వైపు మనిషి, యాభై దాటినవాడు, సైట్లలో ఇనుప చువ్వలు కట్టే పని. నా సంచీలోని యంత్రం ఏమిటో అడిగి తెలుసుకుని, కంచం తీసుకుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"సార్, ఇది ఇత్తడిని గుర్తు వడ్తదా?"

"పడుతుంది. ఏం పోయింది?"

"పోలే సార్, నేనే పూడ్చిన. మా ఇంటి దేవున్ని."

బొటనవేలంత ఇత్తడి నరసింహస్వామి. తాతల నాటి విగ్రహం, నలుగురు అన్నదమ్ములకూ ఉమ్మడి. గల్ఫ్‌కు వచ్చేటప్పుడు తోడుగా ఉంటాడని, పెద్దన్నకు చెప్పకుండా పూజగూట్లోంచి తీసి తెచ్చుకున్నాడు. తర్వాత ఫోన్లో తిట్లు తిని, పని ముగించుకుని వచ్చేటప్పుడు తప్పక తెస్తానని మాటిచ్చాడు. రెండేళ్ల కిందట, చెకింగ్ వస్తోందని, గదుల్లో దేవుళ్లు కనిపిస్తే ఇంటికి పంపేస్తారని క్యాంపులో ఎవరో పుకారు పుట్టించారు. లచ్చన్న హడలిపోయి విగ్రహాన్ని పాలపొడి డబ్బాలో పెట్టి, నీళ్ల ట్యాంకు పక్కన మోకాలి లోతున పూడ్చాడు. చెకింగ్‌కు ఎవరూ రాలేదు. మర్నాడు వచ్చినవి బస్సులు. యల్లా యల్లా, పదండి పదండి అంటూ, తవ్వి తీసే సందు కూడా ఇవ్వకుండా మనుషుల్నీ పెట్టెల్నీ ఎక్కించి బిర్కత్ అల్ అవామిర్ క్యాంపుకు మార్చేశారు. పాత చోట కంచె వేసి కాపలా పెట్టారు. ఈమధ్యే కంచె తీసేసి లారీలు ఆపుకోనిస్తున్నారట. లచ్చన్నకు ఇంకో పదకొండు రోజుల్లో, మంగళవారం విమానం, ఇక మళ్లీ రాడు.

"అన్న ఏడేండ్ల సంది ఖాళీ గూటికి దీపం వెడ్తుండు సార్. ఒట్టి చేతులతోని ఏం మొకం వెట్టుకొని పోవాలె?" అన్నాడు. వచ్చే శుక్రవారం వెళ్దామన్నాను.

ఆ శుక్రవారం ఉదయం అయిదున్నరకు బయల్దేరాను. నజ్మా దాకా టాక్సీకి పది రియాళ్లు, అక్కడ పూరీ, టీ కలిపి నాలుగు. పెషావర్ డ్రైవర్ ఖాన్ భాయ్ పికప్‌ను పూటకు నూట ఇరవైకి మాట్లాడుకున్నాను. బిర్కత్ అల్ అవామిర్‌కు అరగంట. క్యాంపు గేటు దగ్గర లచ్చన్న తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో ఒక టెంకాయ, జేబులో మడిచిన పసుపు గుడ్డ. సామిని అందులో చుట్టి తీసుకెళ్తానని చెప్పాడు. నాకెందుకో ఆ గుడ్డ చూడగానే భయం వేసింది.

అక్కణ్ణుంచి ఇండస్ట్రియల్ ఏరియా వెనక్కి ఇంకో అరగంట, దారంతా మట్టి లారీలు. చమురు ధర పెరిగినకొద్దీ ఇక్కడ రోడ్లూ మేడలూ పెరుగుతున్నాయి, గుర్తులు చెరిగిపోతున్నాయి. ఖాన్ భాయ్ రెండుసార్లు దారి తప్పి, "కల్ కా రాస్తా ఆజ్ మాఫీ, సాబ్," అని స్టీరింగ్ మీద చెయ్యి కొట్టాడు. నిన్నటి దారి ఇవాళ ఉండదని అతని గోడు.

ఏడుంబావుకు చేరాం. ట్యాంకు లేదు, గదులు లేవు, చదును చేసిన బయలు మాత్రం ఉంది. లచ్చన్న ఒక మూలన పాత ప్రహరీని గుర్తుపట్టాడు. దాని తల నేలకు మూరెడు ఎత్తున కనిపిస్తోంది.

"ఈ గోడ నాకంటె ఎత్తుండె సార్," అన్నాడు నెమ్మదిగా.

నాకు అప్పుడే అర్థమైంది. ఆ చోటును ఎవరో నిలువెత్తు మట్టితో నింపేశారు. దోహాలో కూల్చిన పాత ఇళ్ల మట్టి కాబోలు, పెంకులూ సున్నపు పెళ్లలూ కనిపిస్తున్నాయి. నా యంత్రం జానెడు లోతు వింటుంది, మహా అయితే ఇంకాస్త. స్వామి ఆ మట్టికి అడుగున, మళ్లీ మోకాలి లోతున ఉన్నాడు. ఆ మాట అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోరు రాక యంత్రం ఆన్ చేశాను.

గోడ నుంచి లచ్చన్న అడుగులు కొలిచాడు, నేను వెతికాను. అడుగుకో కూత. తవ్విన ప్రతిసారీ చువ్వలు కట్టే బైండింగ్ వైరు ముక్కలే. మొదట్లో ఆశగా వంగి చూసేవాడు. "ఇవ్వి మేం కట్టేటియే సార్," అని ఏరి పక్కన కుప్ప పెట్టేవాడు. తర్వాత వంగడం కూడా మానేసి ఎండలో కూర్చున్నాడు. మూడు గంటలు గడిచాయి, నీళ్లు అయిపోయాయి. ఖాన్ భాయ్ తన సీసా తెచ్చి లచ్చన్నకిచ్చి, బండి దగ్గరకు వెళ్లిపోయాడు.

పదిన్నరకు యంత్రం వేరే గొంతుతో, తేటగా కూసింది. నాలుగు వేళ్ల లోతున చిన్న బిళ్ల తగిలింది. వేలితో రుద్దితే నలుచదరంగా ఉంది, మీద రాజుగారి తల. మా నాయనమ్మ బేడ అనేదే, ఆ రెండణాల నాణెం. రెండేళ్లుగా నేను వెతుకుతున్నది, ఏ కూలిన ఇంటి మట్టిలోనో వచ్చి, సరిగ్గా ఆ రోజు దొరికింది. గుండె ఎగిరింది. పక్కన మనిషి దేవుణ్ణి పోగొట్టుకుని కూర్చుంటే నాకు సంతోషం కలిగింది, అబద్ధం చెప్పను.

లచ్చన్న లేచి వచ్చి, దాన్ని చూసి అడిగాడు. "సార్, జర గా పైస నాకియ్యుండ్రి. పసుపు గుడ్డల ముడుపు గట్టి గూట్లె వెడ్త. సామి మీది మట్టిల దొరికింది గద, అన్నకు గదే సూపెట్టి తప్పు జెప్పుకుంట."

ఇచ్చేయాలి. చెయ్యి చాపితే అయిపోయేది. నా పిడికిలి విడలేదు. "కడిగి ఇస్తాను లచ్చన్నా. నువ్వు వెళ్లేలోపు తెచ్చి ఇస్తాను," అన్నాను.

అతను నా పిడికిలి వంకే చూశాడు. "మంచిది సార్," అని గుడ్డను మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. టెంకాయ కొట్టలేదు. ఆ బయలు మీదే మోకరిల్లి, నుదురు నేలకు ఆనించి లేచాడు. అతణ్ణి క్యాంపు గేటు దగ్గర దింపి ఇంటికొచ్చాను.

శనివారం బేడను సబ్బునీళ్లలో నానబెట్టాను. ఆదివారం ఫోటోలు తీశాను. సోమవారం ఆఫీసు పని, మంగళవారం ఇంకేదో సాకు. ఆలస్యమైందని తెలిసి కూడా గురువారం సాయంత్రం క్యాంపుకు వెళితే లచ్చన్న మంచం మీద పరుపు లేదు. గదిలో ఉండే రాజం అనే అతను చెప్పాడు.

"మంగళారమే పోయిండు సార్. బస్సు హారన్ కొట్టినా జరసేపు ఎక్కలే, సార్ వస్తా అన్నడని గేటు కాన్నే నిలవడ్డడు. నిన్న ఫోన్ జేసిండు. ఒట్టి చేతుల్తోని వచ్చినవని వాళ్లన్న గూడు ముంగటికి రానిస్తలేడట."

బేడను రాజం చేతిలో పెట్టాను, ఊరికి ఎవరైనా వెళ్తే పంపమని. ఎండాకాలం దాకా ఎవరూ పోరన్నాడు. "ఇగ దీంతోని ఏం లాభం సార్," అంటూనే పెట్టెలో వేసుకున్నాడు.

దేవుడు కరుణించినా పూజారి వరమివ్వడంటారు. ఆ సామెతలో పూజారిని నేనే. స్వామి ఉన్నచోటే ఉన్నాడు, ఆయన్ను తీయడం నావల్ల కాదు, ఎవరివల్లా కాదు. నావల్ల అయ్యే పని ఒక్కటే ఉండింది, అది నా అరచేతిలో ఉండగానే చేయలేకపోయాను. ఈ సంగతంతా విని శారద ఆ నిధి డబ్బా మీది కాగితం చింపేసింది. యంత్రాన్ని అమ్మకానికి పెట్టాను.

వెళ్లాలనుకునే వాళ్లకు ఒక సలహా. పాత కోటలూ పాత ఊళ్లూ ఉన్న చోట అనుమతి లేకుండా యంత్రం తీయకండి. మిగతా చోట్ల, ముందుగా ఆ నేలను ఎంత మట్టితో ఎత్తు చేశారో కనుక్కోండి, ఎందుకంటే ఈ యంత్రాలు జానెడు దాటి వినవు. మీతో వచ్చినవాడు దొరికినదాన్ని అడిగితే మట్టితోనే ఇచ్చేయండి. కడిగి ఇస్తానని మాత్రం అనకండి.