బంద్ రోజు పాలు

సరుకులకు నేను బయలుదేరితే జనగామ బజారులో కొందరు దుకాణదారులు ముఖం తిప్పుకునేవాళ్లు. గాజు సీసాలో పచ్చడి వద్దంటాను. బస్తా మూతికి కుట్టిన పురికొస అక్కడే లాగేయమంటాను. గుమ్మడికాయ అక్కడే ముక్కలు కొట్టించుకుంటాను, ఎందుకంటే మా వంటింట్లో కత్తి ఉండదు. ఒకాయనకు ఒళ్లు మండింది.

"ఏందమ్మా నీ లొల్లి? గది ఇల్లా, జైలా?"

"ఇల్లే. నీ బిడ్డలసొంటోళ్లు ఉండే ఇల్లు. పురికొస లాగుతవా, ఇంకో దుకాణం జూస్కోనా?" అన్నాను. నా నోటికి జడిసి లాగేశాడు.

మాది రైలు పట్టాల అవతల ఉండేది. ప్రాణం తీసుకోబోయి బతికిన పడుచు పిల్లలను, ఇంటికి పంపితే మళ్లీ ఏం చేసుకుంటారోనని డాక్టర్లు కొన్నాళ్లు మా దగ్గర ఉంచేవాళ్లు. తెలంగాణ ఉద్యమం ఉడుకుతున్న రోజులవి. మానుకోట నుంచి, భూపాలపల్లి నుంచి, తొర్రూరు పక్క పల్లెల నుంచి వచ్చేవాళ్లు. వాళ్లకు తిండి సమకూర్చడం నా పని.

అప్పుడే భూపాలపల్లి నుంచి ఒక పిల్ల వచ్చింది. బొగ్గుబాయి కార్మికుడి బిడ్డ, డిగ్రీ చదువుతోంది. తెలంగాణ కోసం ప్రాణమిస్తున్నానని చెప్పి పురుగుల మందు తాగిందట. బతికింది కానీ గొంతు పుండైపోయింది. గిన్నె ముందు పెడితే గోడకేసి కొట్టేది. తాగించబోయిన ఆయా చెయ్యి కొరికి రక్తం కళ్లజూసింది. నా జుట్టు పట్టుకుని మంచం కోడుకేసి గుద్దితే నా కనుబొమ్మ చిట్లింది. నేనూ ఊరుకోలేదు, రెండు చేతులూ విరిచి పట్టుకుని తిట్టరాని తిట్లు తిట్టాను. తర్వాత ఇద్దరం నేల మీద కూలబడి ఏడ్చాం.

"రేపటికల్లా నోటితో ఏదన్నా తాగాలె. లేకుంటే మళ్ల వరంగల్ దవాఖానకే, మళ్ల ముక్కుల గొట్టమే" అన్నాడు డాక్టరు. ఇంతకుముందు ఆ గొట్టాన్ని రక్తం కారేలా పీకేసుకున్న పిల్ల అది. ఆ మాట వినగానే గోడకు అంటుకుపోయింది.

మర్నాడు బంద్. పొద్దున్నే రోడ్డు మీద నినాదాలు మొదలయ్యాయి. ఆ పిల్ల కళ్లు తెరవకుండానే అంది.

"అక్కా, జర పాలు తెస్తవా? సల్లగ జేసి."

వచ్చాక తనంతట తాను అడిగిన మొదటి మాట అది. చెప్పులేసుకుని ఉరికాను.

మాకు రోజూ బర్రెపాలు పోసే మనిషి ఆ రోజు రాలేదు. వాళ్ల ఊరి దారికి అడ్డంగా చెట్లు కొట్టేశారు. స్టేషన్ దగ్గర చాచా దుకాణం షట్టరు సగం దించి ఉంటే కింద నుంచి దూరాను. ఆయన దగ్గర కోస్తా డెయిరీ ప్యాకెట్లే మిగిలాయి.

"బేటీ, గివి ఆంధ్రా పాలు. రోడ్డు మీద పోరలు మస్తు గరం మీదున్నరు. పైన గుడ్డ కప్పుకొని పో."

"పాలకు, దవాఖానకు బంద్ లేదు చాచా. నన్నెవడాపుతడు?"

నాకంత ధీమా. ఉద్యమంలో వంటావార్పు చేసిన రోజు నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి ఆ పోరలందరికీ కడుపునిండా వడ్డించింది నేనే కదా!

రైల్వే గేటు దగ్గర టైర్లు తగలబడుతున్నాయి. ఒక బస్సు అద్దాలన్నీ పగిలి రోడ్డు మీద పరుచుకున్నాయి. పోలీసులు ఒకవైపు, రాళ్లు పట్టుకున్న పోరగాళ్లు ఒకవైపు. ముఖానికి గుడ్డ కట్టుకున్న ఒకడు కట్టె అడ్డంపెట్టి నా సంచి లాగాడు.

"అరే, ఆంధ్రోళ్ల పాలురా! ఇంకా గివే తాగుతున్రు!"

సంచి చిరిగింది. ప్యాకెట్లు కింద పడ్డాయి. కాళ్లు వాటి మీద పడ్డాయి. పగిలిన ప్యాకెట్టు పాలు నా చీర మీద చిమ్మాయి. ఒంగి ఏరుకోబోతే ఎవడో వెనక నుంచి తన్నాడు, మోచేతులు గాజుపెంకులకు కోసుకుపోయాయి. లేచాను. చెప్పు తీశాను. ఆ గుడ్డ కట్టినవాడి చెంప మీద ఎడాపెడా వాయించాను. వాడి కట్టె నా భుజం మీద ఫెడీమని పడింది. నొప్పికి కళ్లు బైర్లు కమ్మినా వాడి గల్లా వదల్లేదు.

"కొట్టురా! ఇంకా కొట్టు! తెలంగాణ కోసమని మందు తాగిన పిల్లకురా గీ పాలు! సచ్చుంటే ఫోటోకు దండేసి ఊరంత తిప్పుతుంటిరి. బతికిందని దాని నోటికాడి పాలు తొక్కుతున్రా? థూ, మీ బతుకులు చెడ!"

వాడి చేయి దిగిపోయింది. ముఖం మీది గుడ్డ జారింది. మూతి మీద ఇంకా మీసం కూడా సరిగ్గా రాలేదు. చుట్టూ చూసి, టైరు పక్కన చితికిపోకుండా మిగిలిన ఒక్క ప్యాకెట్టు కోసం ఒంగాడు. దానికీ ఒక మూల చిల్లి పడి ఉంది. సరిగ్గా అప్పుడే పోలీసులు లాఠీలతో మీదికి వచ్చారు. ఒంగిన తల మీద మొదటి దెబ్బ పడింది. తర్వాత లెక్కలేదు. వాడు మోకాళ్ల మీద కూలబడి, ప్యాకెట్టు నా చేతిలో కుక్కాడు.

"ఉరుకక్కా..."

ఇంకో లాఠీ నా మణికట్టు మీద తగిలింది. చిల్లిని బొటనవేలితో మూసి పట్టుకుని పట్టాలు దాటాను. వాడికేమైందో ఇప్పటికీ తెలియదు.

పాలు కాచి, చల్లార్చి, స్టీలు గ్లాసులో తెచ్చాను. ఆ పిల్ల నా చీర మీది రక్తం చూసింది. కిటికీ వైపు చెవి పెట్టి వింటోంది. బయట రోడ్డు మీద, తెలంగాణ కోసం చనిపోయిన పిల్లల పేర్లు ఒక్కొక్కటే చెబుతూ జోహార్లు అంటున్నారు. ఆ పిల్ల పెదవులు కూడా ఆ పేర్లతో పాటు కదులుతున్నాయి.

"అక్కా, నా పేరు గిట తీస్తున్రా?"

నాకు ఏడుపు తన్నుకొచ్చింది, దాంతోపాటు కోపమూ వచ్చింది.

"సచ్చినోళ్ల పేర్లే తీస్తరు బిడ్డా. నీ పేరు నేను తీస్త."

గ్లాసు దగ్గరికి పెట్టి పేరు పెట్టి పిలిచాను. పలకలేదు. మళ్లీ పిలిచాను. "ఆఁ" అంది. తెరిచిన నోట్లో పాలు పోశాను.