నోవైలో ద్రాక్షారసం

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో ఎవరు ఏ పని చెప్పినా చెయ్యెత్తేవాణ్ణి. అమెరికాలో, నోవై అనే ఊళ్లో కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీర్ని, ఆదివారాలు మా తెలుగు చర్చిలో ప్రభువు బల్లప్పుడు అందరూ తలా గుక్కెడు తాగే ద్రాక్ష జ్యూస్ తెచ్చేవాణ్ణి. ఒక శుక్రవారం మా ఆఫీసులో నా పక్క సీటు ఫ్రెంచతను సెలవు నుంచి వచ్చి ఒక సీసా చేతిలో పెట్టాడు. బోర్డో దగ్గర వాళ్ల తాతగారి తోటలో చేసిన రెడ్ వైన్. గులకరాళ్ల నేలట, తాతే దగ్గరుండి ద్రాక్ష కోయించి, ఓక్ పీపాల్లో ఏడాదిన్నర ఉంచుతాడట. మంచి రోజు చూసి తెరవమన్నాడు. (మా ఇంటావంటా లేదని చెప్పడానికి మొహమాటం.) రూమ్మేట్ కంటబడకుండా కారు డిక్కీలో దాచాను.

ఆదివారం చర్చికి చేరాక చూస్తే జ్యూస్ కొనలేదు. బయట మోకాల్లోతు మంచు, లోపల పాట మొదలైంది. సీసా తెచ్చి, బిరడాలోకి స్క్రూ బిగించి ప్లయర్‌తో పీకుతుంటే పాస్టర్‌గారు కిచెన్‌లోకి వచ్చారు.

"ఏంటి బాబూ అది?"

"ద్రాక్షారసమండీ." (మన తెలుగు బైబిల్లో వైన్‌కి కూడా ఆ మాటే ఉండడం నా అదృష్టం.)

ఆయన ఫ్రెంచి లేబుల్ చూసి, "ఇంపోర్టెడ్ లాగుందే," అని వెళ్లిపోయారు.

నలభై మంది పెద్దలు ఒకేసారి చిన్న కప్పులెత్తారు. ఒకాయన దగ్గారు. పాస్టర్‌గారి కనుబొమ్మలు పైకి లేచి, ప్రార్థన అయ్యేదాకా దిగలేదు. ఆఖరి పాట అందరూ మామూలుకంటే గట్టిగా పాడారని నా అనుమానం. ఏలూరు ఆంటీ నా చెయ్యి పట్టుకుని, "ఈ జ్యూస్ ఏ స్టోర్‌లో దొరుకుద్ది బాబూ? ఒళ్లంతా వెచ్చగా ఉంది," అన్నారు.

పాస్టర్‌గారు పక్కకి పిలిచారు. నిజం చెప్పేశాను. ఆయన కేకలెయ్యలేదు. "మందు మానెయ్యడానికి కష్టపడుతున్నవాళ్లు ఆ వరసలో ఉంటే? వచ్చే వారం నువ్వే అందరికీ చెప్పు," అన్నారు. చెప్పాను. నేల చూపులు చూస్తూనే. మొదట క్షమించింది ఏలూరు ఆంటీయే.

ఇది విని ఫ్రెంచతను నవ్వలేదు, నేరుగా తాతకి ఫోన్ చేశాడు. ముసలాయన తన వైన్‌ని నలభై మంది కళ్లు మూసుకుని తాగారా అని రెండుసార్లు అడిగాడట. తర్వాతి కోతలయ్యాక మా చర్చికి ఒక పెట్టె వచ్చింది. అదే తోట ద్రాక్ష, పులియబెట్టని జ్యూస్.

తాతగారు ఇప్పుడు లేరు. తోట చూడ్డానికి రమ్మని మనవడు పిలుస్తూనే ఉన్నాడు, నేను వెళతానంటూనే జుట్టు నెరిసింది. వెళ్తే ఆనాటి నన్ను, ఆ భయపడిన కుర్రాణ్ణి కూడా వెంట తీసుకెళ్లాలని ఉంటుంది. అక్కడివాళ్లకి తెలిసింది వాడి కథే, ఈ నెరిసిన జుట్టు నన్నొక్కణ్ణే చూస్తే ఎవరు గుర్తుపడతారు?